కీమో తిమ్మిర్లకు సూదుల వైద్యం: ఆస్పత్రి లోపలైతేనే

కీమోథెరపీ చివరి సైకిల్ అయిపోయిందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వాంతులు ఆగుతాయి, నోటికి రుచి తిరిగొస్తుంది, కొన్ని నెలలకు జుట్టూ వస్తుంది. చేతివేళ్లు, అరికాళ్లు మాత్రం చాలామందికి అంత త్వరగా దారికి రావు. జాకెట్ హుక్కు పెట్టుకోవడానికి పక్కవాళ్ల సాయం కావాలి. చెప్పు కాలి నుంచి జారిపోయినా నాలుగడుగులు వేశాక గానీ తెలియదు. వేడి గిన్నె పట్టుకుంటే బొబ్బ లేచాక తెలుస్తుంది. పగలంతా తిమ్మిరి, రాత్రి దుప్పటి తగిలినా మంట. పైకి కనిపించే జబ్బు కాదు కాబట్టి నీరసం వల్లేనని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. ప్రాణం దక్కింది కదా, ఈమాత్రం దానికి డాక్టర్‌ని విసిగించడమెందుకని రోగి ఊరుకుంటారు. కీమో మందులు నరాలను దెబ్బతీయడం వల్ల వచ్చే ఈ బాధను వైద్యులు పెరిఫెరల్ న్యూరోపతి అంటారు. దీనికి ఆక్యుపంక్చర్ బ్రహ్మాండంగా పనిచేస్తుందని ఒకవైపు ప్రచారం, అదంతా బూటకమని మరోవైపు ఈసడింపు. రెండు పక్షాలూ సూది మహిమ గురించే కొట్లాడుకుంటున్నాయి. ఆ సూదిని చికిత్సలో ఏ దశలో, ఎవరి పర్యవేక్షణలో గుచ్చుతున్నారన్న ప్రశ్న ఎవరికీ పట్టడం లేదు. క్యాన్సర్ ఆస్పత్రి లోపల ఈ వైద్యానికి ఒక చిన్న గది ఇవ్వడానికి సరిపడా ఆధారం ఉందని నా అభిప్రాయం. వీధి చివర బోర్డు పెట్టుకుని క్యాన్సర్ రోగులను పిలవడానికి సరిపడా ఆధారం మాత్రం లేదు.

ఇదేమీ అరుదైన ఇబ్బంది కాదు. 31 అధ్యయనాల్లోని 4,179 మంది రోగుల వివరాలను కలిపి 2014లో ఒక విశ్లేషణ వెలువడింది. కీమో ముగిసిన తొలి నెలలో 68 శాతం మందికి, మూడో నెలలో 60 శాతం మందికి, ఆరు నెలలు దాటాక కూడా 30 శాతం మందికి ఈ లక్షణాలు ఉన్నాయని అందులో తేలింది. క్యాన్సర్ నుంచి బయటపడ్డ 512 మంది అమెరికన్ మహిళల మీద 2017లో వచ్చిన అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది. చికిత్స అయిపోయి సగటున ఆరేళ్లు గడిచినా వాళ్లలో 47 శాతం మందిని తిమ్మిర్లు వదల్లేదు. మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లు కిందపడే ముప్పు 1.8 రెట్లు. వయసు మళ్లిన మనిషి బాత్‌రూమ్‌లో జారిపడితే తుంటి ఎముకతోనే ఆగదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. దీనికి కారణాలు మందును బట్టి మారతాయి. రొమ్ము క్యాన్సర్‌కు విరివిగా ఇచ్చే పాక్లిటాక్సెల్, కణం రెండుగా చీలడానికి అవసరమైన సూక్ష్మనాళికలను బిగదీసి క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. నరంలో సరుకు రవాణా జరిగేది కూడా అలాంటి నాళికల మీదుగానే. నడుము దగ్గర బయలుదేరి కాలి బొటనవేలి దాకా దాదాపు మీటరు పొడవున సాగే నరానికి రవాణా కుంటుపడితే ముందు దెబ్బతినేది దాని కొస. అందుకే తిమ్మిరి కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ వంటి ప్లాటినం మందులు వెన్నెముక పక్కన ఉండే నాడీకణాల మీదే దెబ్బ వేస్తాయి కాబట్టి, మందు ఆపేసినా కొన్ని నెలల పాటు బాధ పెరుగుతూ పోవచ్చు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్లు ఫ్రిజ్‌లోని నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. ఇక రక్త క్యాన్సర్లకు వాడే విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో ఏడాది పొడుగునా పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. అదీ నరాలను వదలదు. చెట్టు నుంచి తీసిన మందు హాని చేయదని వాదించేవాళ్లకు అంతకు మించిన జవాబు అక్కర్లేదు.

ఇంత మందిని పీడించే బాధకు ఆధునిక వైద్యం చేతిలో ఉన్నది చాలా తక్కువ. అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు, బాధ మొదలయ్యాక వాడదగిన మందుగా ఒక్క డ్యులాక్సెటిన్‌నే సూచించాయి. ముందుగానే రాకుండా ఆపే మందు ఏదీ లేదన్నాయి. ఆ డ్యులాక్సెటిన్ సత్తా ఎంతో కూడా చూద్దాం. 2013లో ఫలితాలు వెలువడ్డ పరీక్షలో 231 మంది పాల్గొన్నారు. నొప్పి ఎంతో కొంత తగ్గిందన్నవాళ్లు అసలు మందు తీసుకున్నవారిలో 59 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 38 శాతం. పదికి లెక్కగట్టే నొప్పి కొలత మీద సగటు తగ్గుదల మందుతో 1.06, ఉత్తుత్తి మాత్రతో 0.34. అంటే మందు సొంతంగా చేసిన మేలు ముప్పాతిక పాయింటుకు కాస్త తక్కువ. గాబాపెంటిన్‌ను 115 మంది మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదని 2007లోనే తేలింది. అయినా మన ప్రిస్క్రిప్షన్లలో దాని జోరు తగ్గలేదు. నరాలకు బలమని అమ్మే ఎసిటైల్ ఎల్-కార్నిటిన్ కథ మరీ ఘోరం. 409 మంది మహిళల మీద జరిపిన పరీక్షలో, 24 వారాలకు దాన్ని వాడినవాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. తిమ్మిర్లు అనగానే మందుల షాపువాడు చేతిలో పెట్టే బీ-కాంప్లెక్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లోపం ఉన్నవాళ్లకు బీ12 అవసరమే. కానీ బీ6 మోతాదు మించి నెలల తరబడి మింగితే అదే నరాలను పాడుచేస్తుంది. ఆక్యుపంక్చర్‌ను తూచేటప్పుడు పక్క తక్కెడలో ఉన్నవి ఈ మందులేనని మరచిపోకూడదు. దివ్యౌషధం ఉండగా సూదుల వెంట పడుతున్నారన్న విమర్శకు ఈ జబ్బు విషయంలో తావు లేదు.

ఇక సూదుల వైద్యం దగ్గరికి వద్దాం. పావు మిల్లీమీటరు మందం కూడా ఉండని స్టీలు సూదులను మోకాలి కింద, చీలమండ పైన, ముంజేతి మీద, కాలివేళ్ల సందుల్లో గుచ్చి అరగంట దాకా ఉంచుతారు. కొందరు వాటికి స్వల్పంగా కరెంటు కూడా ఇస్తారు. బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థ రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన 40 మంది మహిళల మీద దీన్ని పరీక్షించింది. ఎనిమిది వారాల్లో 18 సార్లు సూదులు వేయించుకున్నవాళ్లకు, ఎదురుచూపుల జాబితాలో ఉన్నవాళ్ల కన్నా లక్షణాలు బాగా తగ్గాయి. హాంకాంగ్‌లో 87 మందితో చేసిన పరీక్షలోనూ అలాంటి ఫలితమే వచ్చింది. అయితే ఈ రెండింటిలోనూ పోలిక సూదులు వేయనివాళ్లతోనే. ఎవరో ఒకరు అరగంట దగ్గర కూర్చుని పాదాలు పట్టుకుని పలకరిస్తే ఎవరికైనా కొంత ఊరటగానే ఉంటుంది, అందులో సూది వాటా ఎంతన్నది తేలదు. ఆ వాటా తేల్చడానికే ఉత్తుత్తి సూదులు పుట్టాయి. వాటిలో ఒక రకానికి మొన మొద్దుగా ఉంటుంది. నాటకంలో కత్తిలాగా, నొక్కగానే సూది లోపలికి దిగినట్టు కనిపిస్తూ పిడిలోకి ముడుచుకుపోతుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆస్పత్రి 2020లో వెలువరించిన పరీక్షలో 75 మందిని మూడు జట్లు చేశారు. ఎనిమిది వారాలకు నొప్పి అసలు సూదులతో 1.75 పాయింట్లు, ఉత్తుత్తి సూదులతో 0.91, మామూలు చికిత్సతో 0.19 పాయింట్లు తగ్గింది. మామూలు చికిత్సతో పోలిస్తే అసలు సూదులు స్పష్టంగా మెరుగు. అసలుకూ ఉత్తుత్తికీ మధ్య తేడా 0.84. డ్యులాక్సెటిన్‌కూ దాని ఉత్తుత్తి మాత్రకూ ఉన్న తేడా కన్నా ఇది కాస్త ఎక్కువే. ఈ అంకెను చూసి ఆక్యుపంక్చర్ అభిమానులు చంకలు గుద్దుకోనక్కర్లేదు. జట్టుకు పాతిక మందితో వచ్చిన తేడా కాకతాళీయమూ కావచ్చు. 231 మందితో వచ్చిన 0.72కు ఉన్న భరోసా దానికి లేదు. అలాగని చెత్తబుట్టలో పడేయదగ్గదీ కాదు. పెద్ద పరీక్ష చేయడానికి తగిన కారణం అది. ఈలోగా బాధపడుతున్న మనిషికి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, ప్రయత్నించే అవకాశం ఇవ్వడానికి చాలు. సమగ్ర ఆంకాలజీ సొసైటీ, క్లినికల్ ఆంకాలజీ సొసైటీ కలిసి 2022లో ఇచ్చిన సిఫారసు కూడా ఇంచుమించు ఇదే: ఇవ్వవచ్చు, ఆధారం మాత్రం బలహీనం.

అయినా ఈ ఆధారాన్ని నేను నెత్తిన పెట్టుకోకపోవడానికి ఒక అధ్యయనం కారణం. పాక్లిటాక్సెల్ ఎక్కించుకుంటున్న 63 మంది మహిళలకు, బాధ మొదలవకుండానే ఆపగలమేమోనని కీమో జరుగుతుండగానే కరెంటు సూదులు వేసి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. 12 వారాలకు అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ ఏ తేడా లేదు. 16వ వారానికి అసలు సూదులు వేయించుకున్నవాళ్లే నెమ్మదిగా కోలుకుంటున్నట్టు కనబడింది. కీమో అయ్యాక మేలు చేస్తున్నట్టు కనిపించిన సూది, కీమో జరుగుతుండగా మేలు చేయకపోగా బహుశా కీడు చేసింది. ఇది చిన్న పరీక్షే. కానీ కీమో మొదలైన రోజు నుంచే నరాల రక్షణ ప్యాకేజీ అంటూ ఎవరైనా డబ్బు కట్టించుకుంటే దానికి ఏ ఆధారమూ లేదని చెప్పడానికి ఇది చాలు. చైనాలో వందలాది పరీక్షలు జరిగాయి కదా అని కొందరంటారు. 1998లో ఆండ్రూ వికర్స్, ఆయన సహచరులు దేశాలవారీగా ఆక్యుపంక్చర్ పరీక్షలను సమీక్షిస్తే, చైనా నుంచి వచ్చినవన్నీ సానుకూలమేనని తేలింది. ఒక్కటీ విఫలం కాని వైద్యం ప్రపంచంలో ఎక్కడా లేదు. అన్నీ నెగ్గాయంటే ఓడినవి అచ్చు కాలేదనుకోవాలి. రెండువేల ఏళ్ల సంప్రదాయం అన్న వాదన మీద ఎక్కువ సేపు నిలవనక్కర్లేదు. పాక్లిటాక్సెల్ దెబ్బతీసిన నరం ఏ సంప్రదాయానికీ పరిచయం లేదు.

జన విజ్ఞాన వేదిక సభల్లో పెరిగిన పాఠకుడు ఇక్కడ గట్టిగానే అడ్డు తగులుతాడు: ఒంట్లో 'చీ' అనే శక్తి ప్రవహిస్తోందని, దాని దారులు మూసుకుపోతే జబ్బులొస్తాయని చెప్పే విద్యను ప్రభుత్వ ఆస్పత్రిలోకి తెస్తే మూఢనమ్మకానికి ముద్ర వేసినట్టు కాదా? ఈ అభ్యంతరంలో సగం నాకూ సమ్మతమే. ఆ దారులు శరీరాన్ని కోసి చూసినవాళ్లెవరికీ దొరకలేదు. కానీ వివరణ తప్పయినంత మాత్రాన ఫలితం ఉండకూడదని లేదు. సూది గుచ్చి తిప్పిన చోట అడినోసిన్ అనే పదార్థం ఊరి నొప్పి సంకేతాన్ని తగ్గిస్తుందని 2010లో ఎలుకల మీద చూపించారు. ఒంట్లో పుట్టే ఎండార్ఫిన్ల పాత్ర మీద 1970ల నుంచే ప్రయోగాలున్నాయి. ఎలుక నుంచి మనిషి దాకా, అందునా కీమో దెబ్బతిన్న నరం దాకా చాలా దూరం ఉంది, నిజమే. అయితే ఆ దూరాన్ని కొలిచే పద్ధతులు మనకున్నాయి, అవి శక్తి దారులను నమ్మమని అడగవు. మూఢనమ్మకానికి ఊతం దొరికేది కొలత లేని చోట. వీధి సెంటర్‌లో నొప్పి స్కోరు రాసేవాళ్లుండరు, ఎనిమిది వారాలయ్యాక పనిచేయలేదని ఒప్పుకునేవాళ్లూ ఉండరు. హేతువాదులు కోరుకోవాల్సింది దీన్ని కొలిచే చోటికి ఈడ్చుకురావడం.

ఆస్పత్రి లోపలే ఎందుకన్నదానికి అంతకన్నా పెద్ద కారణం రోగి భద్రత. కీమో మధ్యలో తిమ్మిర్లు మొదలయ్యాయంటే ఆంకాలజిస్టు తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటుంటుంది: డోసు తగ్గించాలా, మందు మార్చాలా, ఆపాలా. నరాన్ని నిజంగా కాపాడేది ఆ నిర్ణయమే. రోగి బయట సూదులు వేయించుకుంటూ, చికిత్స ఆపేస్తారేమోనన్న భయంతో డాక్టర్ దగ్గర నోరు విప్పకపోతే ఆ అవకాశం చేజారుతుంది. కీమో రోజుల్లో తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. ఆ వారం రక్తపరీక్ష చూడకుండా సూది పట్టుకునేవాడికి ఏ రోజు గుచ్చకూడదో తెలిసే దారి లేదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసినవాళ్లకు ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ చేతికి సూదులు వేయకపోవడమే మంచిది. వీటన్నిటికీ మించి, క్యాన్సర్ వచ్చిన మనిషి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ప్రతిసారీ కీమో ప్రభావమే కానక్కర్లేదు. నడుము నొప్పి, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం కూడా తోడైతే గడ్డ వెన్నుపామును నొక్కుతోందేమో అదే రోజు స్కానింగ్ తీసి చూడాలి. గంటలు గడిచే కొద్దీ మనిషి మళ్లీ నడిచే అవకాశం తగ్గిపోతుంది. ఆరు సిట్టింగుల్లో సర్దుకుంటుందని చెప్పే సెంటర్‌లో ఆ గంటలు గడిచిపోతే ఎవరిది బాధ్యత? దీనికి తోడు మన దగ్గర షుగర్ ఎక్కువ. కీమోకు ముందే షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నవాళ్లుంటారు, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడి బీ12 తగ్గినవాళ్లుంటారు. తిమ్మిరికి కారణం ఏదో తేల్చకుండా సూదుల దాకా వెళ్లడమే తప్పు, ఆ తేల్చే పని జరిగేది ఆస్పత్రిలోనే. డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1959లో చైనా నుంచి నేర్చుకొచ్చాక మన దేశంలో వేళ్లూనిన ఈ వైద్యానికి పశ్చిమ బెంగాల్, మహారాష్ట్రల్లో ప్రత్యేక చట్టాలున్నాయి. 2019లో కేంద్రం కూడా గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు పత్రం మాత్రం క్యాన్సర్ వార్డు అనుభవానికి సమానం కాదు.

అసలైన అభ్యంతరం డబ్బుది, మంచాలది. మందుల కోసం, స్కానింగ్ కోసం బారులు తీరే సర్కారు ఆస్పత్రిలో సూదులకు గది, మనిషి, సమయం ఎక్కడ? ఇందులో చాలా న్యాయముంది. ఉన్న పైసలు ముందు ఎక్కడ పెట్టాలని అడిగితే నేనూ ఆక్యుపంక్చర్ అనను. జపాన్‌లోని క్యోటోలో వారంవారం పాక్లిటాక్సెల్ ఎక్కించుకునేవాళ్లకు ఒక పక్క చేతికి, కాలికి గడ్డకట్టించిన గ్లౌజు, సాక్సు తొడిగి, రెండో పక్క ఊరికే వదిలేశారు. మందు ఎక్కడానికి పావుగంట ముందు నుంచి, ఎక్కాక పావుగంట దాకా, మొత్తం గంటన్నర. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం చల్లదనం తగిలిన చేతుల్లో తీవ్రమైన తిమ్మిరి 2.8 శాతం మందికి, వదిలేసిన చేతుల్లో 41.7 శాతం మందికి. పూర్తి చేసినవాళ్లు నలభై మందికి లోపే కాబట్టి దీన్నీ పెద్ద పరీక్షల్లో రుజువు చేయాల్సిందే, ఆక్సాలిప్లాటిన్ వాడేవాళ్లకు చల్లదనం అసలు పనికిరాదు కూడా. అయినా కీమో వార్డులో ఒక డీప్ ఫ్రీజర్, కొన్ని గ్లౌజులు పెద్ద ఖర్చు కాదు, ముందు అది చేయాలి. ఆక్యుపంక్చర్ వంతు ఆ తర్వాత, బాధ అప్పటికే స్థిరపడిపోయి, డ్యులాక్సెటిన్ పనిచేయని లేదా పడని వాళ్లకు. సూదులు చవక. ఖర్చంతా రోగి బస్సు చార్జీలది, పోయిన కూలిది, తోడు వచ్చిన మనిషిది. బోస్టన్‌లో ఎనిమిది వారాల్లో 18 సార్లు రప్పించగలిగారు. ఆదిలాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చే మనిషిని అలా రమ్మనడం వెటకారమే అవుతుంది. అందుకే చెకప్‌కు, రక్తపరీక్షకు ఎలాగూ వచ్చే రోజునే సిట్టింగు పెట్టాలి. మోకాలి కింద, మోచేతి కింద వేసే సూదులకు విడి మంచం అక్కర్లేదు, నలుగురైదుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టి ఒకేసారి చేయవచ్చు. నాలుగైదు సిట్టింగులకు నొప్పి స్కోరు కదలకపోతే అక్కడితో ఆపి, ఇక రావద్దని రోగికి సూటిగా చెప్పాలి. ప్రైవేటు సెంటర్లు ఎప్పటికీ చెప్పలేని మాట అదే.

కావాల్సిన పెద్ద పరీక్షను తెలుగు రాష్ట్రాల్లోనే ఎందుకు చేయకూడదు? హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రికి నొప్పి నివారణ, పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. రెండు చోట్లా పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న రోగులకు కొదవ లేదు. డ్యులాక్సెటిన్ ఒక జట్టుకు, దానికి తోడు అసలు సూదులు ఇంకో జట్టుకు, ఉత్తుత్తి సూదులు మూడో జట్టుకు వేయాలి. ఎవరికి ఏది వేశారో తెలియని మనిషి చేత ఎనిమిది వారాలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి కొలిపించాలి. అంకెలు ఒక్క నొప్పివే కాకుండా గుండీ పెట్టుకోవడానికి పట్టిన సమయం, ఆ ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారన్నదీ రాయాలి. షుగర్ ఉన్నవాళ్లను వదిలేయకుండా విడిగా లెక్కించాలి, ఎందుకంటే బోస్టన్, న్యూయార్క్ ఫలితాల కన్నా మనకు అక్కరకొచ్చేది ఆ లెక్కే. పరీక్ష మొదలుపెట్టే ముందే, ఎంత తేడా వస్తే కొనసాగిస్తారో కాగితం మీద రాసి బయటపెట్టాలి. ఆ తేడా రాకపోతే ఆ గది మూసేసి, కుర్చీలను కీమో వార్డుకు పంపి, మిగిలిన డబ్బుతో గ్లౌజులు కొనాలి.